టూరిస్టులొస్తే ఊరు బాగుపడుతుందా? జమ్మలమడుగు నుంచి అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది జమ్మలమడుగు. పక్కనే ఉన్న గండికోటకు పర్యాటక అభివృద్ధి కోసం 77.91 కోట్లు మంజూరయ్యాయి, పెద్ద రిసార్టులు కూడా వస్తాయంటున్నారు. గండికోట రోడ్డు మీద మీకు నలభై సెంట్ల స్థలం ఉంది. రేటు బాగున్నప్పుడే అమ్మేద్దామని నాన్నగారు, ఎనభై లక్షలు లోను తీసుకుని ఇరవై గదుల లాడ్జి కడదామని మీరు. టూరిజంతో మా ఊరు నిజంగా బాగుపడుతుందా, నేనేం చెయ్యాలి అన్నారు.

ముందు జవాబు చెప్పేసి తర్వాత కారణాలు చెబుతాను. స్థలం అమ్మొద్దు. ఇరవై గదులూ కట్టొద్దు. ఊరు బాగుపడే అవకాశం ఉంది. కానీ గండికోటకు ఎంతమంది వచ్చారన్నది కాదు దానికి లెక్క. వచ్చినవాళ్ళు మీ దగ్గర ఎన్ని రాత్రులు పడుకున్నారు, వాళ్ళు తిన్నదాంట్లో, కొన్నదాంట్లో మీ చుట్టుపక్కల పండిందీ తయారైందీ ఎంత అన్నదే లెక్క.

నా సంగతి కూడా చెప్పాలి. మాది శృంగవరపుకోట, అందరూ ఎస్.కోట అంటారు. విశాఖ నుంచి అరకు వెళ్ళే దారిలో ఘాట్ ఎక్కేముందు వచ్చే ఊరు. 2001లో వ్యాను కొని అరకు ట్రిప్పులు మొదలుపెట్టాను. తర్వాత కొన్నేళ్ళు అరకులో ఒక హోటల్లో మేనేజరుగా చేశాను. ఇప్పుడు ఏజెన్సీలో, అంటే ఆ గిరిజన కొండ ప్రాంతాల్లో, హోమ్‌స్టేలు (ఇంట్లోనే అతిథులకు గదులిచ్చే బసలు) పెట్టుకునేవాళ్ళకు లెక్కలూ బుకింగులూ చూసిపెడుతుంటాను. గండికోటకు మూడుసార్లు వచ్చాను. కాబట్టి మీ ఊరి గురించి నేను చెప్పేది చుట్టపుచూపుగా వచ్చినవాడి మాట అనుకోండి. అరకు గురించి చెప్పేది మాత్రం ఇంటివాడి మాట.

మా ఎస్.కోట సంగతి ముందు వినండి, ఎందుకంటే మీ జమ్మలమడుగు పరిస్థితి అరకు కంటే మా ఊరికే దగ్గర. డిసెంబరు శని, ఆదివారాల్లో తెల్లవారుజామున మా ఊరి మీదుగా వెళ్ళే కార్లు చూస్తే చీమలబారు గుర్తొస్తుంది. ఇన్ని వేల మంది వెళుతున్నారు కదా, మా ఊరికి మిగిలిందేమిటి? ఇడ్లీ, టీ, నీళ్ళ సీసాలు, డీజిలు, అప్పుడప్పుడు ఒక పంక్చరు. ఆగిన పావుగంటలో ఒక కుటుంబం రెండు మూడు వందలు ఖర్చుపెట్టి కొండెక్కేస్తుంది. దిగేటప్పుడు చీకటి పడుతుంది, విశాఖ చేరాలన్న తొందర. అప్పుడు టీ కూడా తాగరు. టిఫిను హోటళ్ళు నాలుగు బాగుపడ్డాయి, కాదనను. ఊరు బాగుపడిందంటే మాత్రం ఒప్పుకోను. చూడాల్సిన చోటికి దారిలో ఉండటం వేరు, చూడాల్సిన చోటుగా ఉండటం వేరు. గండికోట మీకు పదిహేను కిలోమీటర్లు. మీరేమీ చెయ్యకుండా కూర్చుంటే మీకూ పంక్చరు షాపులే మిగులుతాయి.

అరకులో పరిస్థితి మెరుగా అంటే, సగం. ఎప్పటినుంచో అక్కడ నడిచేది ఒక్కరోజు ప్యాకేజీ. పొద్దున విశాఖలో కిరండూల్ రైలెక్కడం, సొరంగాలు దాటుకుంటూ అరకులో దిగడం, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, భోజనం, ఓ థింసా నృత్యం, బస్సులో తిరుగు దారిలో బొర్రా గుహలు, రాత్రికి ఇంటికి. 2017లో ఆ రైలుకు అద్దాల బోగీ తగిలించాక జనం ఇంకా పెరిగారు. రైలు టికెట్టు రైల్వేకు, ప్యాకేజీ డబ్బు ప్యాకేజీ నడిపేవాళ్ళకు, భోజనం ముందే మాట్లాడుకున్న చోట. గుహల ప్రవేశ రుసుంలో వాటా కావాలని బొర్రా గిరిజనులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఊళ్ళో మామూలు మనిషి చేతిలో పడేది బొంగులో చికెన్ డబ్బులు, చీపుళ్ళ డబ్బులు, ఆడిన కాసేపటికి ఇచ్చే కూలి. ఆ బొంగులో చికెన్‌లో కూడా బొంగు అడవిది, కోడి చాలావరకు మా మైదానం నుంచి ఎక్కిందే. ఆ రకంగా ఎస్.కోటకు ఇంకో నాలుగు రూపాయలు వచ్చాయనుకోవాలి.

అదే కొండల్లో ఇంకో చోటు చూడండి. పాడేరు పక్కన వంజంగి. మేఘాల మీద సూర్యోదయం చూడటానికి కొండెక్కుతారు. కొన్నేళ్ళ క్రితం దాకా దాని పేరే ఎవరికీ తెలీదు, ఫోన్లలో వీడియోలు తిరిగాక ఒక్కసారిగా జనం విరగబడ్డారు. అక్కడ బొర్రాకు లేని ఒక గుణం ఉంది. సూర్యోదయం ఆరు గంటలకు అయిపోతుంది. విశాఖ నుంచి పొద్దున బయల్దేరితే దొరకదు. ముందురోజు రాత్రికే పాడేరులోనో చుట్టుపక్కలో దిగాలి. దిగితే గది కావాలి, రాత్రి భోజనం కావాలి, చలికి మంట కావాలి, పొద్దున కొండదాకా దింపడానికి జీపు కావాలి, దిగొచ్చాక వేడి టిఫిను కావాలి. గుహకు టికెట్టు ఒక్కటే. సూర్యోదయానికి అయిదు రకాల బేరం.

ఇక మీ గండికోట. పెన్నా ఎర్రమల కొండల్ని చీల్చుకుని పారిన గండి అందంగా కనిపించేది పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నం ఎండలో అక్కడ నిలబడి చూశాను, రాయి కాలిపోతోంది తప్ప గొప్పేమీ లేదు. అంటే బెంగుళూరు నుంచి ఇన్నూట ఎనభై కిలోమీటర్లు వచ్చినవాడు రాత్రి ఉండక తప్పదు. ఇది మీకు దేవుడిచ్చిన వరం. ఆ వరం ఇప్పుడు ఎలా ఖర్చవుతోందో చూడండి. శుక్రవారం రాత్రి బయల్దేరతాడు, శనివారం లోయ అంచున టెంటులో పడుకుంటాడు, ఆదివారం సూర్యోదయం ఫోటో తీసుకుని పదింటికి వెళ్ళిపోతాడు. టెంటు బుక్ చేసింది ఫోన్లో, చికెన్ బెంగుళూరులోనే మసాలా పట్టించి తెచ్చుకున్నాడు, చిప్సు కూడా అక్కడివే. మీ దగ్గర వదిలిపెట్టేది చెత్త. నా మూడో ట్రిప్పులో కోట గోడ పక్కన సీసాలు చూసి మనసు చివుక్కుమంది.

కాబట్టి మొదటి రాత్రి మీకు ఎలాగూ ఉంది, దాన్ని టెంటు నుంచి ఊళ్ళోకి తేవాలి. రెండో రాత్రిని మీరు పుట్టించాలి. పుట్టించడానికి సరుకు లేక కాదు. అరవై కిలోమీటర్ల లోపు బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. మైలవరం డ్యాము ఉంది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళున్నాయి, నగ కొనే ఓపిక లేనివాళ్ళు కూడా ఆ వీధుల్లో నడిస్తే ఆగిపోతారు. మగ్గాలున్న ఊళ్ళున్నాయి. కోటలో మాధవరాయ దేవాలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే ఉన్నాయి. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కథ, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ముట్టడి కథ రెండు గంటలు చెప్పదగ్గవి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో ఆ కోటకు వచ్చాడు. ఇదంతా చెప్పేవాడు మాత్రం కనబడలేదు. నేనొచ్చిన మూడుసార్లూ గేటు దగ్గర బోర్డు చదువుకుని లోపలికెళ్ళాను. ఇంటరు చదివి ఖాళీగా ఉన్న పదిమందికి మంచి కథకుల చేత నెలరోజులు శిక్షణ ఇప్పిస్తే, లోయ చూసి వెళ్ళిపోయేవాడు మధ్యాహ్నం దాకా ఆగుతాడు. మధ్యాహ్నం దాకా ఆగాడంటే భోజనం మీదే.

77.91 కోట్ల గురించి ఒక మాట. అది కేంద్రం 2024 నవంబరులో ప్రకటించిన సాస్కి పథకంలోది. రాష్ట్రాలకు మూలధన పెట్టుబడి కోసం వడ్డీ లేకుండా ఇచ్చే యాభై ఏళ్ళ అప్పు. అదే జాబితాలో రాజమండ్రి, రామప్ప, సోమశిల కూడా ఉన్నాయి. మూలధనం అన్న మాట పట్టుకోండి. దారులు, కట్టడాలు, లైట్లు వస్తాయి. మరుగుదొడ్డిని రోజూ కడిగే మనిషి జీతం అందులో ఉండదు. నేను చూసిన పర్యాటక కేంద్రాల్లో సగం, ప్రారంభోత్సవం అయిన రెండో ఏడాదికి తాళం వేసిన మరుగుదొడ్డితోనే చెడ్డపేరు తెచ్చుకున్నాయి. ఆడవాళ్ళు ఒక్కసారి ఇబ్బంది పడితే ఆ కుటుంబం మళ్ళీ రాదు. పార్కింగు రుసుమో ప్రవేశ రుసుమో పెడితే అందులో ఇంత శాతం ఊరి పారిశుధ్యానికని ఇప్పుడే రాయించుకోండి. తర్వాత అడిగితే ఏమవుతుందో బొర్రా వాళ్ళని అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. నేను హోటల్ మేనేజరుగా ఉన్నప్పుడు కూరగాయలన్నీ విశాఖ నుంచి వ్యానులో వచ్చేవి. అరకు సంత పక్కనే. ఆడవాళ్ళు తట్టల్లో బీన్సు, క్యారెట్టు, రాజ్‌మా, అల్లం పెట్టుకుని కూర్చునేవారు. అక్కడ కొనకుండా వంద కిలోమీటర్ల కింద నుంచి తెప్పించడం బుద్ధిలేనితనంలా ఉంటుంది కదా? కానీ కారణం ఉంది. విశాఖ కాంట్రాక్టరు నెల రోజులు అప్పు ఇస్తాడు, బిల్లు ఇస్తాడు, పొద్దున ఏడింటికి నలభై కిలోల ఉల్లిపాయలు కావాలంటే నలభై కిలోలూ తెస్తాడు. సంతలో అమ్మకు సాయంత్రానికి నగదు కావాలి, ఆవిడ దగ్గర ఉన్నది నాలుగు కిలోలు, బిల్లు పుస్తకం లేదు. మా ఓనరుకు స్థానికుల మీద కోపమేమీ లేదు. ఆయనకు అకౌంటెంటు ఉన్నాడు, అంతే. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. ఆ వదిలేయడం ఇప్పటికీ నాకు గిల్టీగానే ఉంటుంది.

కేరళలోని కుమరకంలో ఈ ముడి విప్పారు. 2008లో అక్కడ బాధ్యతాయుత పర్యాటకం పేరుతో మొదలుపెట్టినప్పుడు, కుటుంబశ్రీ మహిళా సంఘాల చేత కూరగాయలు పండించి, పోగుచేసి, ధరలు ముందే ఖాయం చేసి హోటళ్ళకు అందించే ఏర్పాటు చేశారు. హోటలుకు ఒక్కరితోనే లావాదేవీ, ఒక్కటే బిల్లు. వెనక ఎందరు ఆడవాళ్ళు పండించారన్నది సంఘం చూసుకుంటుంది. మనకు డ్వాక్రా సంఘాలు అంతకంటే తక్కువేం కాదు. జమ్మలమడుగులో నాలుగు సంఘాలు కలిసి గుడ్లు, పాలు, కూరగాయలు, చెనిక్కాయలు, రాగిపిండి ఒక్క బిల్లు మీద ఇవ్వగలిగితే, రేపు వచ్చే పెద్ద రిసార్టు కూడా కొంటుంది. మంచితనంతో కొనదు, సౌకర్యంగా ఉంటే కొంటుంది. రిసార్టు తలుపు తెరవకముందే ఈ మాట మాట్లాడుకోవాలి. తెరిచాక వాళ్ళకు కడప నుంచో బెంగుళూరు నుంచో కాంట్రాక్టరు కుదిరిపోతాడు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి చిన్న కథ. పాడేరు దగ్గర ఒక ఇల్లాలికి రెండు గదుల హోమ్‌స్టే పెట్టించాం. ఎవరో సలహా ఇచ్చారని ఆవిడ మొదటి నెలంతా పనీర్ బటర్ మసాలా, నూడుల్స్ చేసింది. వచ్చినవాళ్ళు మర్యాదకు తిని ఊరుకున్నారు. ఒకరోజు పనీర్ అయిపోయి, ఇంట్లోకి వండుకున్న సామ అన్నం, రాజ్‌మా కూర పెట్టింది. ఆ రోజు అతిథులు వెళుతూ ‘ఈ రాజ్‌మా రెండు కిలోలు ఇస్తారా’ అని అడిగారు. ఇప్పుడు ఆవిడ గదుల మీద కంటే రాజ్‌మా, పసుపు, మిరియాల పొట్లాల మీద ఎక్కువ సంపాదిస్తోంది. మీ దగ్గర సంగటి, నాటుకోడి పులుసు, ఊరిమిండి, కారం దోశె ఉన్నాయి. దయచేసి నార్త్ ఇండియన్ థాలీ బోర్డు పెట్టకండి.

పట్టుకెళ్ళే వస్తువు ఉంటే రాత్రి బస లేకపోయినా ఊరు బతుకుతుందని కూడా చెప్పాలి, లేకపోతే నా సిద్ధాంతం ఒంటికాలి మీద నిలబడినట్టుంటుంది. భూదాన్ పోచంపల్లి హైదరాబాదుకు గంటన్నర దూరం, అక్కడ నిద్ర చేసేవాళ్ళు తక్కువ. అయినా ఒక ఇక్కత్ చీర కొంటే నాలుగు రాత్రుల గది అద్దె ఒక్కసారే వచ్చినట్టు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దాన్ని చేర్చింది. అయితే మగ్గం మీద నేసినదాని పక్కనే ఇక్కత్ డిజైను అచ్చువేసిన గుడ్డ చవగ్గా అమ్ముడుపోతే ఆ డబ్బు నేతగాడికి చేరదు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకే అన్న గుర్తింపు, వచ్చింది. పొట్లం ఇంటికి తీసుకెళ్ళినవాడు అయిపోయాక మళ్ళీ తెప్పించుకుంటాడు. అలా మీ పేరుతో పట్టుకెళ్ళే వస్తువు ఏదన్నది మీరే తేల్చుకోవాలి, నాకు అంత తెలీదు.

ఇక స్థలం. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు అక్కడ భూమి కొనకూడదు. ఏజెన్సీ భూముల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు కూడా ఆ బొర్రా కొండల్లో గనుల లీజుల గొడవలోంచి పుట్టిందే. చట్టం అంత గట్టిగా ఉన్నా బినామీ పేర్లతో హోటళ్ళు లేచాయి, అది అక్కడ అందరికీ తెలిసిన రహస్యం. కానీ చట్టం ఉండబట్టే ఇంకా భూమి అక్కడివాళ్ళ పేరు మీద మిగిలింది. నవంబరులో వలిసె పూలు పూస్తే, పసుపుపచ్చటి చేలో ఫోటో దిగడానికి మనిషికి పదో ఇరవయ్యో తీసుకునే రైతులున్నారు. భూమి ఉంది కాబట్టే ఆ ఇరవై వస్తోంది. మీ దగ్గర అలాంటి రక్షణ ఏదీ లేదు. డబ్బున్నవాడు ఎవడైనా వచ్చి కొనొచ్చు. గండికోట రోడ్డు మీద భూములన్నీ బయటివాళ్ళ చేతికి పోయాక టూరిజం ఎంత పెరిగినా మీ పిల్లలకు అక్కడ దొరికేది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. నాన్నగారికి డబ్బు అవసరమైతే కొంత భాగం లీజుకివ్వండి. పదేళ్ళకు మించకుండా, మూడేళ్ళకోసారి అద్దె పెరిగేలా, రిజిస్టరు చేయించి ఇవ్వండి. అమ్మకం మాత్రం ఆఖరి మాట.

లాడ్జి లెక్క. ఎనభై లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే నెల వాయిదా దాదాపు లక్షా ఎనిమిది వేలు, ఏడాదికి పదమూడు లక్షలు. మీ సీజను అక్టోబరు నుంచి ఫిబ్రవరి. ఆ అయిదు నెలల శుక్ర, శనివారాలు, పండగ సెలవులు కలిపి గదులన్నీ నిండే రాత్రులు యాభై అయిదు అనుకుందాం. గది పదిహేను వందలు చొప్పున ఇరవై గదులకు పదహారున్నర లక్షలు. మిగతా మూడువందల పది రాత్రులకు రోజుకు మూడు గదులు, వెయ్యి చొప్పున, తొమ్మిది లక్షల ముప్ఫై వేలు. మొత్తం ఇరవై అయిదు లక్షల ఎనభై వేలు. అయిదుగురి జీతాలు ఏడు లక్షల పైన, కరెంటు, ఉతుకులు, మరమ్మతులకు నాలుగు లక్షలు, ఆన్‌లైను బుకింగ్ వాళ్ళ కమీషను రెండు లక్షలు. మిగిలేది పన్నెండున్నర, కట్టాల్సింది పదమూడు. ఒక్క ఏడాది ఏదైనా అయితే చాలు మునిగిపోతారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక పాపికొండల యాత్రలు ఆగిపోయి, ఆ ఒడ్డున బతికేవాళ్ళు చాలాకాలం చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అది తేరుకోకముందే 2020లో కరోనా. నేను కూడా ఆ ఏడాదే వ్యాను అమ్మేశాను.

అదే ఆరు గదులైతే? ఇరవై లక్షల్లో తేలుతుంది. 2025 బడ్జెట్లో హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు, బ్యాంకులో అడగండి. వాయిదా నెలకు ఇరవై ఏడు వేలు. ఇంటివాళ్ళు చూసుకుంటే ఇద్దరు పనివాళ్ళు చాలు. అవే అంకెలతో, మామూలు రోజుల్లో రెండు గదులు నిండినా, ఖర్చులూ వాయిదాలూ పోగా ఏడాదికి రెండు లక్షల దాకా మిగులుతుంది. భోజనం మీద వచ్చేది దానికి అదనం. పెద్ద మొత్తమేం కాదు, ఒప్పుకుంటాను. అందుకే మీ ఇప్పటి పని మానకండి. నాపరాయి పనికో సిమెంటు ఫ్యాక్టరీకో నెలనెలా వచ్చే జీతంతో టూరిజాన్ని పోల్చకూడదు, ఇది సీజను పంట. ఆ రాయి సంగతే చెప్పాలంటే, గదులకు టైల్స్ వద్దు, మీ నాపరాళ్ళే పరచండి. చల్లగానూ ఉంటుంది, ఫోటోలోనూ మీ ఊరు కనబడుతుంది.

రెండు చిన్న జాగ్రత్తలు. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైనులో పంపాలి, హోమ్‌స్టేకి కూడా. ఇక బుకింగులు ఒకే యాప్ మీద పెట్టుకోకండి. నా చేతిలో ఉన్న ఒక హోమ్‌స్టేకి ఒక కంపెనీ మూడు నెలల డబ్బు ఆపింది, ఫోను ఎత్తినవాడు లేడు. రెండోసారి వచ్చేవాడు నేరుగా మీకే ఫోన్ చేసేలా నంబరు గోడ మీద పెద్దగా రాయండి.

లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు ఒక పని చెయ్యండి. రెండు శనివారాలు, ఒక మంగళవారం, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా గండికోట మలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. వెళ్ళే బండ్లు, వాటి నంబరు ప్లేట్లు, అందులో కుటుంబాలెన్ని, కుర్రాళ్ళ గుంపులెన్ని రాసుకోండి. మర్నాడు పొద్దున ఎన్ని తిరిగొచ్చాయో కూడా. మంగళవారం లెక్క మరీ ముఖ్యం. అవి నాకు పంపితే గదులు ఆరా, ఎనిమిదా అన్నది కలిసి చూద్దాం.